గిడుగువారి సవరబడియు, గోదావరి మన్యమున తెలుగు బోధనయు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని గూర్చి మనవారు వ్రాసిన వ్యాసములలో ఒక క్రమము స్థిరపడిపోయినది. వ్యావహారిక భాషావాదము మొదట వచ్చును. జయంతి రామయ్య పంతులుగారితోడి వివాదము నడుమ వచ్చును. చివర నొక పేరాలో, వారు సవరలకు కూడ ఎంతో మేలు చేసిరనియు, వారి భాషకు వ్యాకరణము వ్రాసిరనియు చెప్పి ముగింతురు. మొదటిది సాహిత్యచరిత్ర యనియు, కడపటిది పరోపకారమనియు మన మనస్సులలో నొక విభాగ మేర్పడి యున్నది. ఈ క్రమము కాలము ననుసరించి చూచినను తప్పే, విషయము ననుసరించి చూచిన మరింత తప్పు. తరగతిగదిలో పిల్లవాని నోటిమాటకు స్థానముండవలెనను సిద్ధాంతమును పంతులుగారు తెలుగుపిల్లలను చూచి కనిపెట్టలేదు. సవరపిల్లలయొద్ద నేర్చి తెలుగువారికి చెప్పిరి. అయితే అక్కడ నేర్చిన దంతయు ఇక్కడ చెప్పిరా, చెప్పినదైనను మనము సరిగా వింటిమా యనునవి వేఱు ప్రశ్నలు. గోదావరి మన్యపు పాఠశాలలలో తెలుగు బోధించువారికిని, అచ్చట పాటలు కథలు సేకరించి పరిశోధనలు చేయువారికిని ఈ ప్రశ్నలతో నేటికిని పని గలదు గనుక వానిని కొంత విచారింతును.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. ఆ పట్టణమునకు చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా కుటుంబమునకు జెందినది. వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. పంతులుగారు తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. తమ సొమ్ముతో బడులు పెట్టిరి. వారి పిల్లలకు వారి మాటలతోనే చదువు చెప్పించిరి. దశాబ్దముల కృషికి ఫలముగా సవరభాషా వ్యాకరణము ఇంగ్లీషున 1931లో వెలువడినది. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందు చేరగా, పంతులుగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చి, 1940లో మరణించువరకు ఇచ్చటనే తమ శేషజీవితమును గడపిరి. గోదావరి తీరమునకు వారితో గల సంబంధ మింతమాత్రమే యని తోచవచ్చును. కాని వారు వెంట దెచ్చిన ప్రశ్న ఇచ్చటి కొండలకును చెల్లును.

ఆ పుస్తకములను వ్రాయుటకు ముందు పంతులుగారు చేసిన పని వినుట. ఇది చిన్నమాటగా కనబడును గాని కాదు. సవరభాషలో స్వరమును నడుమ నొక్కి ఆపి పలుకు పద్ధతి యొకటి గలదు. తెలుగుచెవికి అది వినబడదు. వినబడినను తొట్రుపాటుగా వినబడును. తెలుగు అక్షరములతో ఆ మాటను వ్రాసిన మాటయే మారిపోవును. పంతులుగారు ఆ ధ్వనిని గుర్తించి దానికొక సంకేత మేర్పరచుకొనిరి. అట్లు గుర్తింపని ఉపాధ్యాయుడు, ఆ పిల్లవానికి స్పష్టముగా మాటాడుట రాదని తన పట్టికలో వ్రాసికొని యుండెడివాడు. లోపము నోటియందున్నదా చెవియందున్నదా యనునది భాషాశాస్త్రపు తొలి ప్రశ్న; బోధనశాస్త్రమునకును అదియే తొలి ప్రశ్న.

సంఖ్యల విషయము మరింత రుచికరమైనది. సవరలు ఒకటినుండి పండ్రెండువరకు వేఱువేఱు మాటలతో లెక్కింతురు. పదుమూడు వారికి పండ్రెండు–ఒకటి. పందొమ్మిది పండ్రెండు–ఏడు. ఇరువదికి మరల నొక మాట గలదు, ముప్పదిమూడనగా ఇరువది–పండ్రెండు–ఒకటి. అనగా ఈ లెక్క పండ్రెండు మీదను, ఇరువది మీదను నడచును గాని పది మీద నడువదు. ఇట్టి పిల్లవాడు బడికి వచ్చి పలకమీద ఒకటి ప్రక్కన మూడు వ్రాసి పదుమూడని చదువవలసివచ్చినపుడు, ఆ ఒకటి పది యెట్లయినదో వానికి బోధపడదు. గురువు వానిని మందబుద్ధి యనును. వాడు మందబుద్ధి కాడు. అంతకంటె క్లిష్టమైన లెక్కను ఇంటివద్ద నేర్చియే వచ్చినాడు. మన సీమలో మాత్రము జరిగిన దేమి? మొన్నమొన్నటివరకు గోదావరి జిల్లాలలో ధాన్యము కొలిచిన ముసలమ్మలకు రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము. అంతయు రెట్టింపుల లెక్క, పదులతో పనిలేదు. ఆ యిల్లాండ్ర మనుమలు ఇంటి కొలతను ఇంటను, బడి లెక్కను బడిలోను ఉంచుకొని నెట్టుకొనివచ్చిరి. వారికి సాధ్యమగుటకు కారణము, రెంటికిని నడుమ ఒకే భాష యుండుట. సవరపిల్లవానికి ఆ వంతెన లేదు. పంతులుగారి బడి ఆ వంతెన.

1907 ప్రాంతమున యేట్సు అను దొర ఈ ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. పిల్లలు మాటాడు తెలుగొకటి, పుస్తకములలోని తెలుగొకటిగా నుండుట యేమని అతడడిగెను. ఆ ప్రశ్న పంతులుగారికి క్రొత్త కాదు. కొండమీద తాము సమాధానము చెప్పికొన్న ప్రశ్నయే పల్లపునేలమీద మరల ఎదురైనది. ఆపైని జరిగిన చరిత్ర అందఱకు దెలిసినదే. దానిని తిరిగి చెప్పను.

చెప్పవలసినది మరియొకటి గలదు. సవరబడిలో పంతులుగారు పెట్టని నిబంధన నొకదానిని తెలుగుబడిలో పెట్టిరి. సవరలలో ఎవరి మాట ప్రమాణమని వారడుగలేదు. వచ్చిన పిల్లవాని మాటయే ప్రమాణము. తెలుగు విషయమున మాత్రము శిష్టజనుల వ్యవహారమే గ్రాహ్యమనిరి. ఆనాటి వాదరంగమున ఆ మాట యవసరమై యుండవచ్చును. ఎదుటివారు గ్రామ్యమని త్రోసివేయుచుండగా, చదువుకొన్నవారు నిత్యము మాటాడుకొను భాషయే యిది యని చూపుట మంచి యుక్తియే. కాని యుక్తులకు పర్యవసానము లుండును. శిష్టవ్యావహారికము గెలిచిన పిదప, కృష్ణా గోదావరీ మధ్యసీమలలోని చదువుకొన్న కుటుంబముల మాట క్రమముగా పాఠ్యగ్రంథ ప్రమాణమైనది. అనగా గ్రాంథికము కూర్చున్న పీఠముమీద డెల్టా తెలుగు కూర్చున్నది. దీనివలన తెలంగాణమునకును, రాయలసీమకును, కళింగాంధ్రమునకును కలిగిన నొప్పిని గూర్చి ఆయా ప్రాంతములవారు చాలకాలముగా చెప్పుచునే యున్నారు. కొండరెడ్ల పక్షమున చెప్పినవారు అరుదు. డెల్టాకు అతిసమీపమున, ఒకే నదికి ఎగువను నివసించు తెలుగువారు వారు! పంతులుగారి సవరబడి సూత్రమును పంతులుగారి తెలుగుబడికి అన్వయించిన ఎవరి మాట గెలువవలసి యుండెనో ఊహించిన, మన విజయమెంత అసంపూర్ణమో తెలియును. (ఈ వ్యాసము నడచుచున్న భాషయు మన్యపు బడి గుమ్మము దాటి లోనికి పోగలది కాదు. పత్రిక సంప్రదాయము దీనిని కోరుచున్నది. పాఠకులు ఉపాధ్యాయులు గనుక, గుమ్మమువద్ద దీనిని విడిచి లోనికి పోగలరు.)

గోదావరి మన్యమున బోధకుని ముందున్న సమస్య ఒకటి కాదు, రెండు. కోయపిల్లవాని సమస్య వేఱు. కొండరెడ్డిపిల్లవాని సమస్య వేఱు. గిరిజన విద్య యను ఒకే శీర్షికక్రింద రెంటిని కలుపుటవలన రెండును చెడుచున్నవి.

కోయభాష గోండీకి దగ్గఱిది; ద్రావిడ కుటుంబమున తెలుగునకు చెల్లెలివంటిది. తమను దాము వారు కోయతూరులమని చెప్పికొందురు. దుమ్ముగూడెమున మిషనరీగా నుండిన జాన్ కెయిన్ 1881లోనే రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వీరిని గూర్చి వ్రాసెను. గోదావరి యొడ్డున నుండు గొమ్ముకోయల మాటకు స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు వ్రాసిన వ్యాకరణము 1969లో వెలువడినది. చుట్టరికమున్న భాష గనుక నేర్పుట సులభమని తోచును. నిజమునకు చిక్కంతయు ఆ చుట్టరికముననే యున్నది. తెలుగున ‘ఏరు’ అనగా ప్రవాహము. కోయలో ఆ మాటకు నీరని యర్థము. తెలుగున ‘లోను’ అనగా లోపల. కోయలో ‘లోను’ ఇల్లు. ‘ఏరు దాటి యింటికి పోయెను’ అని తెలుగు వాచకమున నున్నచో, కోయపిల్లవాడు మొదటి మాట తనదే యనుకొని నీరు దాటినాడని గ్రహించును. అదృష్టవశమున అర్థము చెడదు. ‘ఏరు త్రాగరాదు’ అన్నచో తెలుగుపిల్లవాడు నవ్వును, కోయపిల్లవాడు భయపడును. బొత్తిగా తెలియని మాట వచ్చినపుడు పిల్లవాడు తెలియలేదని యూరకుండును; తెలిసినట్లు కనబడి వేఱర్థమిచ్చు మాట వచ్చినపుడు తాను తప్పుచేసినట్లు కూడ వానికి తెలియదు, గురువునకును తెలియదు. సవరబడిలో ఇట్టి యాపద తక్కువ. కోయబడిలో ప్రతి పుటలోను గలదు. ఇట్టి మాటల జాబితా యొకటి చేతబట్టుకొనక కోయగూడెపు బడిలో తెలుగు మొదటి వాచకమును తెఱచుట సాహసము. ఆ జాబితా చేయదగినవారు తెలుగు శాఖలవారే గాని వేఱొకరు కారు.

ఇదే విషయమును తిరుగవేసి చూచిన, తెలుగు విద్యార్థికి కోయభాష గొప్ప గురువు. ఏరు, నీరు అను మాటల పూర్వచరిత్ర, ‘లో’ అను ప్రత్యయప్రాయమైన మాట స్వతంత్రనామముగా నిలిచియుండుట – ఇట్టివి మన ఎం.ఏ. తరగతులలో తులనాత్మక వ్యాకరణము చెప్పునపుడు నల్లబల్లమీద నక్షత్రపు గుర్తులతో వ్రాసి కష్టముమీద నమ్మింతుము. రంపచోడవరమునుండియో చింతూరునుండియో వచ్చిన కోయవిద్యార్థి ఆ తరగతిలో చివరి బల్లమీద కూర్చుండి యుండును. ఆతనిని లేపి, నీ యింట నీటి నేమందురని యడిగిన ఆచార్యులెందఱు?

కొండరెడ్ల సంగతి దీనికి భిన్నము. పాపికొండల నడుమను, వాని చుట్టుపట్లను నివసించు వీరి మాతృభాష తెలుగే. హైమెండార్ఫ్ 1945లో వీరిపై ప్రకటించిన గ్రంథమున పోడు వ్యవసాయమును, జీలుగుకల్లును, మామిడిటెంకల పిండిని, వెదురు వ్యాపారులవలన వీరు పడిన బాధలను సవిస్తరముగా వర్ణించెను. భాష తెలుగు గనుక విద్యాశాఖ దృష్టిలో వీరికి భాషాసమస్య లేదు, ప్రత్యేక వాచకములక్కఱలేదు. కాని వీరి తెలుగు బడితెలుగు కాదు. అందుచే వీరి పిల్లలమీద పడు ముద్ర మరింత కఠినమైనది. కోయపిల్లవాడు వేఱుభాషవాడు గనుక తెలుగు రాదందురు. కొండరెడ్డిపిల్లవానికి తన భాషయే తనకు సరిగా రాదందురు. చెట్లకు, తీగలకు, దుంపలకు, పోడులోని పనులకు వీరియొద్ద గల తెలుగుమాటలు డెల్టావారియొద్ద లేవు. ఆ మాటలు మన నిఘంటువుల కెక్కనందున అవి తప్పులుగా దిద్దబడుచున్నవి. దిద్దుబాటు గుర్తు పెట్టుటకు ముందు, ఈ మాట నాకు తెలియదు గదా యని సందేహించు అలవాటు మన ఉపాధ్యాయ శిక్షణలో ఎక్కడను నేర్పుట లేదు.

భాషతో పని ముగియదు. పాఠములో చెప్పబడు విషయము ఎవరి నోట చెప్పబడుచున్నది యనునది తరువాతి ప్రశ్న. మన సాహిత్యమున అడవివారికి కొఱతలేదు. నన్నయభట్టు ఈ రాజమహేంద్రవరముననే ఆంధ్రీకరించిన ఆదిపర్వమున ఏకలవ్యుడున్నాడు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నడున్నాడు. యక్షగానములలో ఎఱుకలసాని యున్నది, చెంచెత యున్నది. అందఱును మాటాడుదురు, కాని ఆ మాటలు కవులవి. ఇది కవుల తప్పు కాదు. ధూర్జటి బోయపల్లె జీవితమును, వేటను ఎంత శ్రద్ధతో చూచెనో చదివినవారికి తెలియును. ఆయన గ్రంథమున అడవి అలంకారము కాదు, నివాసము. నా విమర్శ బోధనను గూర్చినది. ఏకలవ్యుని కథను మనము గురుభక్తికి ఉదాహరణముగా చెప్పుదుము. పరీక్షలో ప్రశ్నయు అట్లే వచ్చును. కథలోని క్రమము చూడుడు: నిషాదుడను కారణమున ద్రోణుడు విద్య నిరాకరించెను, బాలుడు మట్టిబొమ్మను పెట్టుకొని తానే నేర్చెను, తనకంటె అధికుడు కలడని అర్జునుడు చింతిల్లగా, చెప్పని చదువునకు గురువు దక్షిణ యడిగెను. ఇందు గురుభక్తి యుండుట నిజమే. గురువు నడత కూడ నున్నది గదా. ఆ బాలునకు హిరణ్యధన్వుడను తండ్రి గలడు, ఆతడు నిషాదుల రాజు. వ్రేలులేని కుమారుడు ఇంటికి వచ్చినపుడు ఆ తండ్రి యేమనెనో అడుగుటకు మూలగ్రంథ మడ్డురాదు. డెల్టా కళాశాలలో ఈ ప్రశ్న ఒక వినోదము. మన్యపు కళాశాలలో అడిగిన, తరగతిలో ఎవరో ఒకరు చెప్పుటకు సిద్ధముగా నుందురు. నన్నయను ఆ తరగతిలో చదువుటవలన నన్నయకు లాభమే గాని నష్టము లేదు.

చరిత్రపాఠమున ఈ లోపము ఇంకను స్పష్టము. 1879లో రంపదేశమున పితూరీ లేచినది. మునసబుదారు కల్లుగీతపై విధించిన చిగురుపన్ను, మైదానపు వర్తకులు కోర్టులలో ఏకపక్షముగా డిక్రీలు పొంది కొండవారి పశువులను, పంటను జప్తుచేయుట మున్నగునవి దానికి కారణములని రెవెన్యూ బోర్డు సభ్యుడైన సల్లివన్ విచారణలోను, పిదప గోదావరి గెజెటీరులోను కనబడును. ఈ రెండవ కారణము తెలుగు ఉపాధ్యాయులను కొంచెము ఆలోచింపజేయవలసినది. తాము చదువలేని కాగితముమీద తెలుగక్షరములలో నున్న మాట తమ ఎద్దును తోలుకొనిపోవుట కొండవారు చూచిరి. మన్యమున పెక్కుమందికి మన లిపి తొలుత పరిచయమైనది వాచకరూపమున కాదు, పత్రరూపమున. అక్షరము మీద అక్కడి పెద్దలకు గల అనుమానమును మౌఢ్యమని వర్ణించిన నివేదికలు ఈ సంగతిని మఱచినవి.

1922 మొదలు 1924 వరకు నడచిన రెండవ పితూరీ విషయమున మనకు అల్లూరి శ్రీరామరాజు తెలియును, తెలియవలసినదే. గాము గంటందొర, గాము మల్లుదొర అను సోదరులు పాఠములో పేర్లుగా వత్తురు, వెంటనే పోవుదురు. మల్లుదొర శిక్ష యనుభవించి తిరిగివచ్చి, 1952లో మొదటి లోకసభకు విశాఖపట్టణమునుండి ఎన్నికైన సభ్యుడని మన విద్యార్థులలో ఎందఱెఱుగుదురు? అరణ్యచట్టములవలన పోడు నిలిచిపోయిన ముత్తాలలో, తన ముత్తాను కోల్పోయినవాడెవ్వడు, వెట్టికి పోయినవాడెవ్వడు అని అడిగిన పాఠము వేఱుగా నుండెడిది. నాయకుడు కొండకు వెలుపలినుండి వచ్చినవాడగుటచే ఆతని కథ మైదానమున సులభముగా అందినది. కొండలోని కథ కొండలోనే యున్నది. 2022లో ఏర్పడిన జిల్లాకు అల్లూరివారి పేరు పెట్టిరి, అది గౌరవమే. ఆ జిల్లా బడులలో గంటందొర కథను ఆ ముత్తాల వృద్ధులనోట చెప్పించి వ్రాయించుట మరియొక గౌరవము.

ఇక వర్తమానము. రాజ్యాంగమున 350–ఏ అధికరణము 1956లో చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందు బోధన యేర్పాటుచేయ ప్రయత్నింపవలెనని అది చెప్పుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2004లో బహుభాషావిద్య యను పేర 240 పాఠశాలలలో ఎనిమిది గిరిజన భాషలలో బోధన ప్రారంభించెను. అందు కోయయు, సవరయు గలవు. పుస్తకములు తెలుగులిపిలో అచ్చయినవి. ఆయా జాతుల కథలు, పాటలు చేర్చు ప్రయత్నము జరిగినది. ఇది గిడుగువారి దారి; ప్రశంసింపదగినది. కాని యోజనలో ఒక మూలభావము గలదు, దానిని విమర్శింపక తప్పదు. పిల్లవాని భాష ఇందు తెలుగునకు చేర్చు మెట్టు. మొదటి తరగతిలో నిండుగా నుండి, ఏటేట తగ్గి, ప్రాథమికదశ ముగియకముందే మాయమగును. ఎక్కిన పిదప మెట్టుతో పని యుండదు గదా! 2020నాటి జాతీయ విద్యావిధానము కనీసము ఐదవ తరగతివరకు వీలైనచోట ఇంటిభాషలో బోధన యుండవలెనని చెప్పినను, మెట్టు కొంత పొడవైనదే గాని భావము మారలేదు. కోయభాష ఏడవ తరగతి చరిత్రకు, తొమ్మిదవ తరగతి వృక్షశాస్త్రమునకు, కళాశాలలోని సాహిత్యమునకు ఏమైన చెప్పగలదా యని ఎవరును అడుగలేదు.

సవరలు ఈ విషయమున మనకంటె ముందే ఆలోచించిరి. పంతులుగారు పర్లాకిమిడి విడిచిన 1936లోనే, ఆ కొండలలో మంగెయి గొమాంగో అను సవర తన భాషకు సొంత లిపిని కల్పించెను. సొరంగ సొంపెంగ్ అని దాని పేరు. తెలుగులిపి, ఒడియాలిపి, రోమకలిపి – ఎవరు వచ్చిన వారి లిపిలో తమ మాట వ్రాయబడుచుండగా విసిగి చేసిన పని యని నా యూహ. లిపి ఆవశ్యకమా కాదా యని శాస్త్రజ్ఞులు తర్కింతురు గాక. బడి యెట్లుండవలెనో తామే నిర్ణయింప గోరిన జాతి స్వరము అందు వినబడుచున్నది. పంతులుగారి కృషిని కొనియాడు మన వ్యాసములలో ఆ స్వరము ప్రస్తావనకైనను రాకపోవుట చిత్రము.

బడిలో బోధించు వ్యక్తి యెవడనునది పుస్తకముకంటె పెద్ద విషయము. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమెండార్ఫ్ దంపతుల ప్రోత్సాహమున జరిగిన గోండు విద్యాయత్నములో మొదట చేసినది గోండులనే ఉపాధ్యాయులుగా తయారుచేయుట. ఆ తలంపునకు ఉత్తరకాలపు రూపమనదగినది 2000లోని మూడవ నంబరు జీవో. షెడ్యూల్డు ప్రాంతపు పాఠశాలలలో ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందవలెనని అది శాసించెను. 2020 ఏప్రిలులో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసినది. నూటికి నూఱు రక్షణ రాజ్యాంగసమ్మతము కాదని తీర్పు. ధర్మశాస్త్రపు చర్చ నాకు విషయము కాదు. భాషాబోధకుని దృష్టిలో మాత్రము ఒక మాట చెప్పవలయును: ఆ వివాదమున ఉద్యోగముల లెక్క వినబడినంతగా భాష వినబడలేదు. కోయపిల్లల బడిలో కోయభాష వచ్చుట ఒక అర్హత. వైద్యునకు నాడి చూచుట ఎట్టి యర్హతయో ఇదియు నట్టిదే. వంశమునుబట్టి కాకున్నను విద్యనుబట్టి ఆ యర్హతను కోరుటకు ఏ తీర్పును అడ్డురాదు. మన విశ్వవిద్యాలయములు కోయభాషలో ఒక ప్రమాణపత్ర పరీక్ష పెట్టి, అది యుత్తీర్ణులైనవారికే ఆ బడులలో నియామకమని ప్రభుత్వమును కోరవచ్చును. ఇంతవరకు ఆ పని జరుగకపోవుటకు చట్టము కారణము కాదు, మన అలసత్వమే.

తొందరకు కారణము గలదు. 2014లో పోలవరము జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడినది. ముంపు గ్రామములున్న మండలములు ఖమ్మము జిల్లానుండి గోదావరి జిల్లాలకు మారినవి. కోయల గూడెములు, కొండరెడ్ల ఊళ్లు నది యొడ్డు విడిచి పునరావాస కాలనీలకు పోయినవి, పోవుచున్నవి. గొమ్ము అనగా నదీతీరము. గొమ్ముకోయలన్న పేరే ఒడ్డునుబట్టి వచ్చినది. ఒడ్డు పోయిన పిదప ఆ పేరు దేనిని చెప్పును? డెల్టా బడులలో గోదావరిని గూర్చిన పాఠమొకటి తప్పక యుండును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట, కాటనుదొర, కాలువలు, వరిచేలు, కొబ్బరితోటలు. అందొక్క మాటయు అబద్ధము కాదు. ఆ పాఠమునే పునరావాస కాలనీ బడిలో చదువు పిల్లవాని యెదుట ఉంచి చూడుడు. వానికి నది ఇచ్చినది కాదు, తీసికొనినది. ఒకే నదికి రెండు పాఠము లుండుట సత్యము. కాలనీ పిల్లవాడు డెల్టాపాఠము చదువుచునే యున్నాడు. అమలాపురము పిల్లవాడు ఎగువ పాఠమును చదువుట లేదు. ఆదివాసి స్వరము తరగతికి రావలెనన్నచో ఆదివాసి తరగతికే యని మనమనుకొనుచున్నాము. అంతకంటె ముందుగా అది రావలసినది అమలాపురము, భీమవరము తరగతులకు.

కొమ్ముకోయ నృత్యపు చిత్రము లేని ప్రచార పుస్తకము గాని, ప్రదర్శన గాని ఈ జిల్లాలలో నేడు కనబడదు. చిత్రమున కొమ్ములు గలవు, డోలు గలదు. ఆ దినమున పాడిన పాటకు అర్థమేమో క్రింద నొక్క పంక్తి యుండదు.

ఈ తప్పులో పరిశోధకుల పాలు తక్కువ కాదు. జానపద గేయ సేకరణమునకు ఈ రాజమహేంద్రవరమున మంచి సంప్రదాయము గలదు. ‘మిన్నేరు’ వంటి సంకలనములు కూర్చిన నేదునూరి గంగాధరము గారు ఇచ్చటివారే. గిడుగు వేంకట సీతాపతిగారు సవరలను, వారి పాటలను గూర్చి వ్రాసిన వ్యాసములు ఈ యూరి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలోనే వెలువడినవి. ఆ మార్గమును మనము విశాలము చేసితిమి గాని లోతుచేయలేదు. మన్యపు పాటలపై సమర్పింపబడు సిద్ధాంతగ్రంథములలో సామాన్యముగా కనబడు పద్ధతి యిది: కోయపాటకు తెలుగు భావానువాదము మాత్రమే యుండును, మూలముండదు, లేదా మూలము తెలుగులిపిలో నుండి పదచ్ఛేదము, పదార్థము ఉండవు. వర్గీకరణము విపులము: పెండ్లిపాటలు, పనిపాటలు, పండుగపాటలు. పాడినవారి స్థానమున ‘ఒక వృద్ధురాలు’ అని యుండును. నన్నయ పద్యమునకు పాఠాంతరము చూపునప్పుడు తాళపత్రప్రతి ఎవరింట దొరకినదో వ్రాయుదుము. తాళపత్రమునకున్న గౌరవము మనిషికి లేదు. పాడిన యామె ఇష్టపడినచో ఆమె పేరు గ్రంథకర్త్రిగా ఉండవలయును. ఆమె ఈ పాట ఇతరులకు చెప్పవలదన్నచో అది గ్రంథమున ఉండరాదు. కొన్ని కొలుపుపాటలు వేళగాని వేళ పాడరానివని వారు చెప్పుదురు; ధ్వనిముద్రణ యంత్రము చేత నున్నంతమాత్రమున ఆ నియమము మనకు చెల్లదనుకొనుట పాండిత్యము కాదు.

ఇంకొక లోపము సులభముగా సరిచేయదగినది. ఈ గ్రంథములన్నియు ఎక్కడ నున్నవి? విశ్వవిద్యాలయ గ్రంథాలయమున, పరీక్షకుని యింట, పట్టభద్రుని పెట్టెలో. పాట వచ్చిన గూడెమున ఒక్క ప్రతి లేదు. పరిశోధన పట్టము ఇచ్చుటకు ముందు, సేకరించిన పాటలను, కథలను, మాటలను మూలభాషలోను తెలుగు అర్థముతోను చిన్న పుస్తకముగా అచ్చువేయించి, ఆ యూరి బడికి – ఊరు కాలనీకి మారియుండినచో కాలనీ బడికి – చేర్చినట్లు ప్రధానోపాధ్యాయుని రసీదు జతపరుపవలెనని మన శాఖలు నియమము చేయవచ్చును. దీనికి ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు, శాఖాసభ తీర్మానము చాలును. ఖర్చు కొలది ప్రతుల అచ్చుకూలి. ఆ పుస్తకము బడి బీరువాలో తాళమువేసి యుంచబడక, పిల్లలు ఇంటికి కొనిపోయి తాతకు చదివి వినిపించి, తప్పులున్నచో దిద్దించి తెచ్చునట్లుండవలయును. ఆ దిద్దుబాట్లు మరుసటి ముద్రణకు మనకు పనికివచ్చును.